లాప్‌టాప్‌లో బంతి భోజనం

మా తాతయ్య కాకిని కూడా మీరు అనే పిలుస్తాడు. నులకమంచం మీద ఎండబెట్టిన వడియాల దగ్గర కాకి వాలితే ఎవరైనా హుష్ అంటారు. ఆయన మాత్రం దగ్గరికి వెళ్ళి "అవి మావండీ, కాస్త లేస్తారా" అంటాడు. కాకి లేవదు. అప్పుడు వంటింట్లోంచి మా మామ్మ వచ్చి చేతిలో ఏముంటే అది విసురుతుంది. కాకి లేస్తుంది. తాతయ్య "అయ్యయ్యో, తగిలిందేమోనండీ" అని బాధపడతాడు. వాళ్ళ కాపురం మొదటినుంచీ ఇలాగే నడుస్తోంది.

తాతయ్య పేరు బంగారరాజు. మామ్మ పేరు బుజ్జమ్మ. నా పేరు శాంతి, "పేరుకే" అంటుంది మామ్మ. ఇంటర్ మధ్యలో ఆపేసి ఇంటికొచ్చేశాక తాతయ్యని స్కూటీ మీద తిప్పే ఉద్యోగం నాకు పడింది. అందుకని ఆయన సంగతులు ఆయన కన్నకొడుకైన మా నాన్న కన్నా నాకే ఎక్కువ తెలుసు.

ఒకసారి రావులపాలెం సెంటర్లో బస్సు మెట్టు మీద సంచి పెట్టి, వెనకున్నవాళ్ళకి దారిచ్చాడట. ముందు మీరెక్కండి, మీరు కూడా ఎక్కండి అంటూ అరటిగెల మోస్తున్న కూలీకి కూడా దారిచ్చాడు. ఆ కూలీ అసలు బస్సెక్కడానికి రాలేదు, రోడ్డు దాటడానికి నిలబడ్డాడు. ఈలోగా బస్సు కదిలిపోయింది. అమలాపురానికి సంచి ముందొచ్చింది, తాతయ్య తర్వాతెప్పుడో వచ్చాడు.

కాకినాడలో పాలిటెక్నిక్ చదివి ఆయన మస్కట్ వెళ్ళాడు. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఉద్యోగం. పంపులని ఆడించే కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాయడం అక్కడే నేర్చుకున్నాడు. ఆయన గదిలో ఉండే ఇంకొకాయనది కూడా మా కోనసీమే, రాజోలు. పొద్దున్నే ఇద్దరూ లిఫ్టు ముందు నిలబడి "మీరు పదండి", "అబ్బే, మీరు పదండి" అనుకునేలోపు తలుపులు మూసుకుని లిఫ్టు వెళ్ళిపోయేదట. విసుగొచ్చి మెట్ల వైపు వెళ్ళేవాళ్ళట. అక్కడ మళ్ళీ మొదటికొచ్చేదట.

ఇవన్నీ ఆయన్ని ఏడిపించడానికే చెబుతున్నానని అనుకోకండి. కథకి పనికొస్తాయి.

మస్కట్ నుంచి వచ్చేశాక తాతయ్య కాట్రేనికోన అవతల సముద్రం ఒడ్డున ఉన్న హ్యాచరీలో చేరాడు. హ్యాచరీ అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే చోటు. అక్కడి పాత యజమాని విదేశం నుంచి బీరువా అంత పెట్టెని తెప్పించి, దాన్ని ఎలా ఆడించాలో తెలియక దానికి పసుపు కుంకుమ పెట్టి ఊరుకున్నాడు. తాతయ్య వెళ్ళి దాన్ని ఆడించాడు. ఆరోజు నుంచి ఆ పెట్టే ఆయన లోకం. ఉద్యోగం మానేశాక కూడా ఆదివారం పూట "ఎలా ఉన్నారో చూసొస్తానండీ" అని బయలుదేరేవాడు. ఎవరో అనుకునేరు, ఆ పెట్టెనే.

ఆ పెట్టె పనేమిటో నాకు అర్థమైన మటుకు చెబుతాను. అప్పుడే పుట్టిన రొయ్యపిల్ల కంటి రెప్ప వెంట్రుకలో ముక్కంత ఉంటుంది. తొట్లో నీళ్ళు మార్చేటప్పుడు అదే క్షణంలో గాలి బుడగలు పెంచాలి. నీళ్ళు ముందొచ్చి గాలి వెనకొస్తే పిల్లలన్నీ అడుగుకి దిగిపోతాయి, ఇక లేవవు. పెట్టెలో రెండు ప్రాసెసర్లు ఉన్నాయి. ఒకటి గాలి చూసుకుంటుంది, ఒకటి నీళ్ళు చూసుకుంటుంది. దేని గడియారం దానిదే. మా ఇంట్లో గోడ గడియారమూ మామ్మ చేతి గడియారమూ ఒకే టైము చూపించిన రోజు నేను పుట్టాక లేదు. వాటి సంగతీ అంతే. అందుకని రెండింటి మధ్యా ఒక చిన్న కార్డు ఉండేది. మధ్యమధ్యలో అది ఇద్దర్నీ ఆపి, ఇద్దరికీ ఒకే టైము పెట్టి, ఇద్దర్నీ ఒకేసారి వదులుతుంది.

మొన్న వానాకాలంలో ఉప్పుగాలి ఆ కార్డుని తినేసింది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అలాంటి కార్డు ఎక్కడా దొరకలేదు.

ఇప్పటి యజమాని పాత యజమాని కొడుకు, పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరుకీ చివర గారండీ తగిలించి తాతయ్య పిలవడం పూర్తిచేసేసరికి ఆయన రెండు పనులు చక్కబెట్టుకుంటాడు. మంచివాడే. తాతయ్యని బాబాయ్ గారూ అంటాడు.

"బాబాయ్ గారూ, కొత్త సిస్టం చూసేనండి. సెల్లులోనే ఆడించుకోవచ్చంట. దీన్ని పాత ఇనుముకి ఇచ్చేద్దామనుకుంటున్నానండి."

"పెట్టె పోతే పోనివ్వండి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారండీ. లోపలున్నాయన్ని మాత్రం ఉంచుకోవాలండీ."

లోపలున్నాయన అంటే ప్రోగ్రాం. వానలకి కాలవనీరు కలిసి సముద్రపు నీళ్ళు చప్పబడితే ఏం చెయ్యాలో, వడగాలికి తొట్టి వేడెక్కితే ఏం చెయ్యాలో, ఏళ్ళ తరబడి చూసి చూసి తాతయ్య అందులో కూర్చినవన్నీ ఉన్నాయి. తొట్ల దగ్గర పనిచేసే సలోమి గారు "ఇయ్యాల పిల్లలు బద్ధకంగా ఉన్నాయండి" అంటే, ఎందుకో కనుక్కుని దాన్నీ ఒక మాటగా అందులో చేర్చేవాడు. అదంతా కొత్త సిస్టానికి ఎవరు చెబుతారు?

"ఆయ్, తల్లిరొయ్యలు వచ్చేలోగా మీరు నడిపించి చూపిస్తే ఇదే ఉంచుతానండి. లేదంటే ఇంక నన్ను ఆపకండి బాబాయ్ గారూ" అన్నాడు యజమాని.

తాతయ్య పాత చిప్పుల్లోంచి ప్రోగ్రాంని లాప్‌టాప్‌లోకి దింపాడు. అందులో వర్చువల్ మెషీన్ ఒకటి తయారుచేశాడు. అంటే లేని పెట్టెని ఉన్నట్టు నమ్మించే ఏర్పాటు. లోపలున్న ప్రోగ్రాం తను ఇంకా కాట్రేనికోనలోనే, అదే బీరువాలోనే ఉన్నాననుకుంటుంది.

"మోసం కదా తాతయ్యా?" అన్నాను.

"మోసం కాదండీ. ముసలాయన్ని కొత్తింట్లోకి తెచ్చేం. మంచం మాత్రం పాత ఇంట్లో ఎటుండేదో అటే వేసేం. అర్ధరాత్రి లేచినా తడుముకోడు."

నన్ను కూడా అండీ అంటాడు, చెప్పడం మరిచిపోయాను.

పరీక్షకి అరుగు మీద రెండు బల్బులు కట్టాడు. ఎర్రది గాలికి, పచ్చది నీళ్ళకి. రెండూ ఒక్కసారే వెలగాలి. మొదటిసారి ఎర్రది వెలిగింది. మేము ఊపిరి బిగబట్టాక, మళ్ళీ వదిలాక, పచ్చది వెలిగింది. వెంటనే లోపలున్నాయన కీమని అరిచి పని మానేశాడు. గడియారాలు కలవకపోతే అలా అరవమని ఒకప్పుడు తాతయ్యే నేర్పాడు.

లాప్‌టాప్‌కి సవాలక్ష పనులుంటాయి. ఒక ప్రాసెసర్‌కి పని ఇచ్చేటప్పుడు రెండోదాన్ని కాసేపు పడుకోబెడుతుంది. పడుకున్నది లేచేసరికి దాని గడియారం వెనకబడి ఉంటుంది. కాబట్టి లేని పెట్టెలో లేని ప్రాసెసర్ల మధ్య, లేని ఆ కార్డుని కూడా తాతయ్య సృష్టించాలి. సరేనని రాశాడు. లాప్‌టాప్ దగ్గర కూర్చుని "ఏమీ అనుకోకండీ, ఇంకొక్కసారండీ" అంటూ రాశాడు.

ఈసారి ఏ బల్బూ వెలగలేదు. అరుపు కూడా లేదు. నిశ్శబ్దం.

"ఆలోచించుకుంటున్నారండీ" అన్నాడు తాతయ్య.

మధ్యాహ్నమంతా ఆలోచించుకున్నారు. మామ్మ అరుగు తుడవడానికి వచ్చి చూసింది. "మీవాళ్ళు ఆలోచన తెమిల్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేలా ఉంది. ఆ తీగలు కాస్త ఎత్తండి."

మర్నాడూ అంతే. ఆ పైరోజూ అంతే. తాతయ్య రాసింది చెరిపాడు, చెరిపింది రాశాడు. ఎన్నిసార్లు చదివినా తప్పు కనపడలేదు. ఎందుకు కనపడుతుంది? ఆయన దృష్టిలో అది తప్పే కాదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఇంతలో యజమాని ఫోను. "తల్లిరొయ్యలు బయలుదేరేయండి బాబాయ్ గారూ. ఏ మాటా చెప్పేరు కాదు."

"చెప్తానండీ" అని తాతయ్య ఫోను పెట్టేశాడు. లాప్‌టాప్ వైపు తిరిగి, "నీకేమయ్యింది? ఎందుకిలా చేస్తున్నావు?" అన్నాడు.

వంటింట్లో మామ్మ చేతిలోంచి గరిటె జారిపడింది. పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఒసే, విన్నావా? నువ్వు అన్నారే! ఆ మనిషికి ఒంట్లో బాగానే ఉందంటావా?"

ఆ రోజు ఆయన సరిగా భోంచెయ్యలేదు. నేను ఎంత ఏడిపించినా నవ్వలేదు. పెట్టె పోతుందని కాదు. సలోమి గారి మాటలూ, వానలూ, వడగాలులూ, తన వయసంతా ఎవరో తూకం వేసి పట్టుకుపోతున్నట్టుంది ఆయనకి.

మర్నాడు వీధి చివర గృహప్రవేశం. మా వీధిలో ఎవరింట భోజనాలైనా నెయ్యి గిన్నె మామ్మ చేతికే ఇస్తారు. ఎందుకంటే ఆవిడకో పట్టుంది. బంతిలో ఆఖరి విస్తరి ముందు ఆఖరి మనిషి కూర్చుంటే గాని మొదటి విస్తరిలో నెయ్యి చుక్క పడనివ్వదు. నెయ్యి పడితే గాని ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆలస్యంగా వచ్చినవాడికి చల్లారిన పప్పు, ముందొచ్చినవాడికి వేడి పప్పు ఆవిడ దగ్గర కుదరదు. అందరికీ ఒకటే ఆరంభం.

ఆరోజు బంతి దాదాపు నిండింది. రెండు విస్తళ్ళు మిగిలాయి. వాటి ముందు నిలబడ్డవాళ్ళు ఇద్దరు. ఒకరు మా తాతయ్య. రెండోవారు కొత్తపేట నుంచి వచ్చిన చుట్టం, రిటైరైన పోస్టుమాస్టరు గారు.

"ముందు మీరు కూర్చోండి."

"ఎంతమాటండీ, పెద్దవారు మీరు."

"మీరు మా ఊరికి వచ్చినవారండీ."

"మీరు కూర్చుంటే నేను కూర్చున్నట్టేనండీ."

బంతిలో అందరూ చేతులు కడుక్కుని, విస్తళ్ళలో ముద్దపప్పు వైపు చూస్తూ కూర్చున్నారు. పిల్లాడెవడో ముద్ద ఎత్తబోతే వాళ్ళమ్మ చేతి మీద కొట్టింది. మామ్మ నెయ్యి గిన్నె పట్టుకుని చూసింది, చూసింది.

"ఏవండోయ్! మీ ఇద్దరి మర్యాదా కాలిపోనూ! ఎదుటివాళ్ళు కూర్చున్నారా లేదా అని మీకెందుకండి? ఎవరికి వారు రావడం, కూర్చోవడం. ఎవరొచ్చేరో, ఎవరు రాలేదో నేను చూసుకుంటాను. నెయ్యి నా చేతిలో ఉంది!"

పోస్టుమాస్టరు గారు టక్కున కూర్చున్నారు. తాతయ్య సగం వంగి అలాగే ఉండిపోయాడు. నడుం పట్టేసిందనుకున్నాను.

"బుజ్జమ్మ గారూ" అన్నాడు, "ఇప్పుడన్నది మళ్ళీ అనండి."

"కూర్చోండి అన్నాను!"

కూర్చున్నాడు. నెయ్యి పడింది. బంతి మొత్తం ఒక్కసారి ముద్ద ఎత్తింది. తాతయ్య చేతిలో ముద్ద పట్టుకుని ఆ వరుసని ఈ చివర నుంచి ఆ చివరకి చూస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

అప్పుడే లేచి ఇంటికి పరిగెత్తాలని ఉంది ఆయనకి. కాని బంతిలో అందరి భోజనం అవకుండా ఒక్కరు లేస్తే మర్యాద కాదు. ఆయన తినేశాడు. పక్కన పోస్టుమాస్టరు గారు మాత్రం పెరుగన్నాన్ని ఎంతో ప్రేమగా, ఒక్కొక్క మెతుకునీ పలకరిస్తూ తింటున్నారు. మధ్యలో ఇంకాస్త ఆవకాయ వేయించుకున్నారు. తాతయ్య కాలి వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. నేను దూరం నుంచి చూసి పడీ పడీ నవ్వాను.

లేవగానే "స్కూటీ తియ్యండి శాంతీ" అన్నాడు. మా ఇల్లు అదే వీధిలో ఉంది. అయినా తీశాను.

దారిలో చెప్పాడు. పాత కార్డు చేసే పనిని ఆయన ప్రాసెసర్లకి ఇలా రాసి ఇచ్చాడట: అవతలివారు వచ్చారో లేదో చూడు, వచ్చారని తెలిస్తే అప్పుడు నేనూ వచ్చానని చెప్పు. ఇద్దరికీ ఇదే మాట. కాబట్టి గాలి ప్రాసెసర్ నీళ్ళ ప్రాసెసర్ కోసం నిలబడింది. నీళ్ళది గాలిది చెప్పేదాకా నోరు మెదపలేదు. ఇద్దరూ వచ్చే ఉన్నారు. ముందు మీరంటే మీరని నిలబడే ఉన్నారు.

నేను స్కూటీ ఆపేశాను. నవ్వొచ్చి హ్యాండిల్ నిలవలేదు. "తాతయ్యా! ప్రాసెసర్లని కూడా కోనసీమ వాళ్ళని చేసేసేవా!"

"ఆయ్" అన్నాడు సిగ్గుపడుతూ.

ఆ సాయంత్రం తిరగరాశాడు. ఇప్పుడు ఏ ప్రాసెసరూ రెండోదాని వంక చూడదు. వచ్చింది వచ్చినట్టు "వచ్చాను" అని చెప్పి కూర్చుంటుంది. కూర్చున్న క్షణం నుంచి దాని గడియారం ఆగిపోతుంది, నెయ్యి పడేదాకా ముద్ద ఎత్తకూడదన్నట్టు. ఇద్దరూ కూర్చున్నారో లేదో చూసేది మధ్యలో ఉన్న ఉత్తుత్తి కార్డు ఒక్కటే. రెండోవారు కూర్చోగానే అది ఇద్దరి గడియారాలకీ ఒకే టైము పెట్టి ఒక్కసారే వదులుతుంది. ఆ కార్డుకి ఆయన ఏం పేరు పెట్టాడో తెలుసా? బుజ్జమ్మ.

ఎర్ర బల్బూ పచ్చ బల్బూ ఒక్కసారే వెలిగాయి. ఆరాయి. మళ్ళీ ఒక్కసారే వెలిగాయి. తాతయ్య లాప్‌టాప్‌కి దండం పెట్టి "మొన్న నోరు జారేనండీ, మన్నించండి" అన్నాడు. మామ్మ వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఇంతేనా? రెండు బల్బులు వెలగడానికి ఇంత గోలా?" అంది. అని, చీకటి పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

హ్యాచరీలో తల్లిరొయ్యలు గుడ్లు పెట్టాయి. పిల్లలు తేలాయి. లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి గాలికొక డబ్బా, నీళ్ళకొక డబ్బా తగిలించారు. లాప్‌టాప్ మాట విని మోటార్లని ఆడించేవి ఆ డబ్బాలే. తన డబ్బా సిద్ధంగా ఉంటే గాని ఏ ప్రాసెసరూ "వచ్చాను" అనదు. యజమాని పెద్ద తొట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సలోమి గారు గాజు గ్లాసు పట్టుకుని తయారుగా ఉన్నారు. మామ్మ కూడా వచ్చింది, తన పేరు పెట్టిన కార్డు ఏం చేస్తుందో చూడాలని. అది కంటికి కనపడదంటే నమ్మలేదు.

మొదటిసారి నీళ్ళు మారాయి. గాలీ నీళ్ళూ కలిసే వచ్చాయి. యజమాని చేతులు విప్పాడు. రెండోసారి మార్చే వేళకి, సరిగ్గా అప్పుడే, కరెంటు పోయింది.

గాలి ఊదే బ్లోయర్ల మోత ఆగిపోయింది. అంత పెద్ద షెడ్డులో బుడగల చప్పుడు లేకపోతే చెవులు దిబ్బడేసినట్టుంటుంది. బయట జనరేటర్ దగ్గర ఎవరో తాడు లాగుతున్నారు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, అది నడుస్తోంది. జనరేటర్ అందుకోగానే నీళ్ళ డబ్బా వెంటనే తేరుకుంది. గాలి డబ్బా ఇంకా తేరుకోలేదు.

సలోమి గారి చెయ్యి నీళ్ళ వాల్వు మీదకి వెళ్ళింది. "నీళ్ళొచ్చేత్తాయండి బంగార్రాజు గారూ! కట్టేసెయ్యమంటారా?"

ముందంతా నడిపించి ఇప్పుడు చేత్తో కట్టేస్తే దాన్ని నమ్మనట్టే. కట్టకపోతే, అది తప్పు చేస్తే, తొట్టిలో పిల్లలు ఉండవు. యజమాని తాతయ్య వైపు చూశాడు.

తాతయ్య తెర మీద ఒక గీతని వేలితో చూపించాడు. "నీళ్ళవారు వచ్చి కూర్చున్నారండీ. కదలరు. రెండోవారి కోసం చూస్తున్నారు." "చెయ్యి తీసెయ్యండి సలోమి గారూ."

ఆవిడ చెయ్యి తీశారు.

నీళ్ళు రాలేదు. గాలి డబ్బా మీద దీపం ఒకసారి మిణుకుమంది, మళ్ళీ మిణుకుమంది, నిలిచింది. ఆ క్షణంలోనే బ్లోయర్లు గుయ్యిమన్నాయి, పైపులోంచి నీళ్ళు దూకాయి. ఏది ముందో ఎవరూ చెప్పలేరు. తొట్టి అంతా తెల్లగా బుడగలు లేచాయి. లోపలున్నాయన కీమని అరవలేదు.

సలోమి గారు గ్లాసు ముంచి వెలుతురుకి ఎత్తారు. చాలాసేపు చూశారు.

"ఆడతన్నారండి" అన్నారు. "అందరూ ఆడతన్నారు!" తాతయ్య మర్యాద రొయ్యపిల్లల దాకా పాకింది.

షెడ్డంతా చప్పట్లు. జనరేటర్ తాడు లాగినవాడు కూడా ఎందుకో తెలియకుండానే ఈల వేశాడు. యజమాని వచ్చి తాతయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "పాత ఇనుమువాణ్ణి రమ్మన్నానండి బాబాయ్ గారూ. పెట్టె తీసుకెళ్తాడు. లోపలాయన ఇక్కడే ఉంటారండి." తాతయ్య కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మామ్మ మాత్రం యజమానితో గట్టిగా చెప్పింది: "చూసేవా బాబూ? మధ్యలో నేను కూర్చోబట్టి సరిపోయింది."

ఆ కాన్పులో పిల్లలు బాగా నిలిచాయి. ఇప్పుడు ఉప్పలగుప్తం వైపు నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అక్కడా అలాంటి పాత పెట్టెలు ఉన్నాయట. తాతయ్య లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని నా వెనక కూర్చుంటాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "చిన్న కుదుపండీ" అని లోపలివాళ్ళకి ముందే చెబుతాడు.

పిల్లల్ని చెరువులకి పంపేసిన రోజు హ్యాచరీలో అందరికీ భోజనాలు పెట్టారు. షెడ్డులో పొడుగ్గా విస్తళ్ళు వేశారు. ఎవరూ కూర్చోరు. "ముందు మీరు కూర్చోండి బాబాయ్ గారూ" అన్నాడు యజమాని. "ఆయ్, తమరు కూర్చోవాలండి" అన్నారు సలోమి గారు. తాతయ్య అలవాటుగా రెండు చేతులూ జోడించి, "అబ్బే, ముందు" అని నోరు తెరిచాడు.

వరుస చివర మామ్మ నెయ్యి గిన్నె పైకెత్తింది.

తాతయ్య నోరు మూసుకున్నాడు. బాసింపట్టు వేసుకుని మొదటి విస్తరి ముందు అందరికన్నా ముందు కూర్చున్నాడు. తలెత్తి ఆవిడ వంక చూసి చెప్పాడు.

"వచ్చేనండీ."